అత్తమ్మ చేతికి పలక

అశోక్ నగర్, హైదరాబాద్
జూలై 5

అత్తమ్మకు,

ఒకే ఇంట్లో పెరిగి నీకు ఉత్తరం రాయడం నవ్వులాటగా ఉంది. కానీ ఏం చేయను? ఫోన్ చేస్తే బాపు ఎత్తుతాడు. "అత్తమ్మ మంచిగనే ఉన్నది, తిన్నది, పన్నది" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు. వీడియో కాల్ చేస్తే నువ్వు మొహం పక్కకు తిప్పుకుంటావు. ఆపరేషన్ చేసి గొంతు తీసేసిన మనిషికి ఫోన్ ఎందుకని నువ్వు అనుకుంటున్నావు, నాకు తెలుసు. అందుకే చిక్కడపల్లి పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చాను. ఒకదానికి స్టాంపు అంటించి, మా హాస్టల్ అడ్రసు రాసి ఇందులోనే మడిచి పెట్టాను. ఇక తప్పించుకోలేవు.

నేను బాగానే ఉన్నాను. గదికి నలుగురం. నా మంచం పక్క మంచం మహితది, సూర్యాపేట అమ్మాయి. తను కూడా నా లాగే నర్సింగ్ ఎంట్రన్స్‌కే చదువుతోంది. పొద్దున్నే పోకపోతే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకదు. లోపల చోటు లేనివాళ్లు బయట చెట్ల కింద కూర్చుంటారు. అందరూ సర్కారు ఉద్యోగాల పరీక్షల వాళ్లే. నా పుస్తకం మీద గుండె బొమ్మ చూసి ఒకన్న అడిగాడు, "ఇదేం నోటిఫికేషన్ చెల్లే?" అని. నర్సింగ్ ఎంట్రన్స్ అన్నాను. "ఉద్యోగమేనా?" అన్నాడు. కాదన్నా, ఇంకా చదువే అంటే పాపం నా మీద జాలిపడ్డాడు.

కోచింగ్ నారాయణగూడలో. మాకు చెప్పేది త్రివేణి మేడం. ఏండ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మొదటి రోజు అందరినీ నిలబెట్టి నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగారు. నేను నీ సంగతి చెప్పాను. నీ మెడలో గొట్టం ఉందని, రెండేండ్లుగా దాన్ని తీసి, కడిగి, పెట్టింది నేనేనని చెప్పాను. "మా బాపు తోడబుట్టిన మా అత్తమ్మ చిటికేస్తే చాలు మేడం, ఏం కావాల్నో నాకు తెలుస్తది. ఆమె గొంతు నేనే" అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మేడం మాత్రం కొట్టలేదు. ఆమెది అదో రకం.

ఇప్పుడు ఆ గొట్టం ఎవరు కడుగుతున్నారు? కాచి చల్లార్చిన నీళ్లేనా? అమ్మకు తొందరెక్కువ, జర చూసుకో. సెప్టెంబర్‌లో చెకప్ ఉంది, మర్చిపోవద్దు. నా పరీక్ష అక్టోబర్ మొదట్లో. ఈసారి సీటు రాకపోతే బాపు రెండోసారి పంపడు. ఆ సంగతి నీకూ తెలుసు.

నీ వీణ


ఎర్రకుంటపల్లి
జూలై 14

బిడ్డ వీణకు, అత్తమ్మ దీవెనలు.

నీ కవరు చూసి మీ అమ్మ కోర్టు కాగితమేమో అనుకుని భయపడ్డది. మీ బాపు చదివిపెడతానన్నాడు. నా పేరు మీద వచ్చింది కదా, గుంజుకుని నేనే చదువుకున్నాను.

ఉత్తరం రాసి చానా ఏండ్లయింది. పెన్ను పట్టుకుంటే వేళ్లకు పాత రోజులు గుర్తొచ్చాయి. మన ఊరి మగవాళ్లు సగం మంది బొంబాయి పక్క భీవండిలో మగ్గాల మీద ఉన్నప్పుడు వాళ్ల పెండ్లాలందరికీ ఉత్తరాలు రాసిపెట్టింది నేనే. ఏడో తరగతి చదివిన ఆడది ఊళ్లో నేనొక్కదాన్నే అప్పుడు. అందుకే ఇట్లా బడిలో నేర్చిన భాష వస్తోంది. నోటితో అయితే ఇట్లా మాట్లాడేదాన్ని కాను, నీకు తెలుసు. గొంతుతో పాటు నా యాస కూడా డాక్టరే కోసి పారేసినట్టున్నాడు.

గొట్టం నేనే కడుక్కుంటున్నాను. అద్దం కిటికీకి ఆనించి పెట్టుకుంటాను. మొదట్లో చేయి కుదరక దగ్గొచ్చేది, ఇప్పుడు అలవాటయింది. మీ అమ్మ పక్కన నిలబడి కండ్లు మూసుకుంటది. నీళ్లు కాచేది మాత్రం ఆమే, తొందరేం పడదు. ఆమెను ఏమనకు.

ఇక్కడ నా బాధ ఒకటే. మాట పోతే చెవులు కూడా పోతాయని ఊరంతా అనుకుంటున్నారు. పాలు పోయడానికి వచ్చే బుగ్గమ్మ కూడా నా చెవి దగ్గర నోరు పెట్టి "తిన్నవా సమ్మక్కా" అని అరుస్తది. గుండె ఝల్లుమంటది.

సాయంత్రం పూట వెనకింటి భాను వస్తున్నది. ఇంటర్ చదువుతోంది, గొంతు మంచిది. నాకు వచ్చిన బతుకమ్మ పాటలన్నీ కాగితాల మీద రాసిస్తున్నాను. అది పాడుతది, నేను చేతితో తాళం వేస్తాను. తప్పు పోతే తాళం ఆపుతాను. ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి లేక పోయిన రెండేండ్లూ మన వాడలో ఫోన్‌లో పాటలు పెట్టుకుని తిరిగారు. వినలేకపోయాను.

చెకప్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు చదువుకో.

మీ అత్తమ్మ


చిక్కడపల్లి లైబ్రరీ నుండి
ఆగస్టు 9

అత్తమ్మకు,

నీ ఉత్తరం మహితకు కూడా చదివి వినిపించాను. బుగ్గమ్మ అరుపు సంగతికి పడీ పడీ నవ్వింది.

నా సంగతి చెప్తాను. మోడల్ పరీక్షలో బయాలజీ ఫరవాలేదు, ఫిజిక్స్ ఏడిపిస్తోంది. రోగి సేవ భాగంలో నాకు పోకూడని మార్కు ఒకటి పోయింది. మాట్లాడలేని రోగికి ఏం కావాలో నర్సు ఎట్లా తెలుసుకోవాలని ప్రశ్న. దగ్గరి బంధువులను అడిగి తెలుసుకోవాలని పెట్టాను. తప్పట. రోగి తనంతట తాను చెప్పుకునే దారి చూపించాలట. పలకో, బొమ్మల అట్టో ఇవ్వాలట. నేను ఒప్పుకుంటానా? మేడంతో వాదన పెట్టుకున్నాను. ఇంట్లో వాళ్ల కన్న ఎవరికి ఎక్కువ తెలుస్తది మేడం అన్నాను. ఆమె కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "తెలుస్తదమ్మా. ఎక్కువనే తెలుస్తది. తక్లీఫ్ అంతా ఆ ఎక్కువతోనే" అన్నారు. ఏం అర్థం చేసుకోవాలి దీన్ని?

అసలు విషయం. నువ్వు చెకప్‌కు వెనకాడుతున్నావని నీ ఉత్తరంలోనే కనిపెట్టాను. బస్సులో అంత దూరం, దవాఖానలో లైన్లు, మెడకు గుడ్డ కట్టుకుంటే జనం చూపులు. నీకు చిరాకని తెలుసు. కానీ పోక తప్పదు. అందుకే నిన్న బాపుతో మాట్లాడి, అత్తమ్మ ఒప్పుకుందని చెప్పేశాను. సెప్టెంబర్ మొదటి వారం తీసుకొస్తానన్నాడు. నేను నేరుగా దవాఖానకు వస్తాను.

నీ వీణ


ఎర్రకుంటపల్లి
ఆగస్టు 18

వీణకు,

నేను ఒప్పుకున్నానని మీ బాపు చెప్పాడు. ఎప్పుడు ఒప్పుకున్నానో గుర్తు రాలేదు. సరే, వస్తాను.

మీ మేడం మంచి మనిషి లాగుంది.

అత్తమ్మ


అశోక్ నగర్
సెప్టెంబర్ 7

అత్తమ్మకు,

చెకప్ అయి మీరు బస్సెక్కి పోయినప్పటి నుండి మనసు మనసులో లేదు. లైబ్రరీకి పోయి పుస్తకం తెరిచి ఒకే పేజీ ముందు కూర్చుని వచ్చాను.

నువ్వు ధైర్యంగా ఉండాలి. క్యాన్సర్ గడ్డ మెడలో మళ్లీ వచ్చిందంటే అన్నీ అయిపోయినట్టు కాదు. డాక్టర్ గారు చెప్పింది విన్నావు కదా, ముందుగానే కనిపించింది, తీసేసి తర్వాత రేడియేషన్ కరెంటు పెడితే మంచిదని అన్నారు. ఏమంటారు అని ఆయన నా వైపు చూడగానే చేయండి సార్ అని చెప్పేశాను. ఆలస్యం చేసి లాభం ఏముంది? బాపు అయితే మొహం తెల్లగా వేసుకుని గోడకు ఆనుకున్నాడు. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి కదా.

అక్టోబర్ 12 అని ఇచ్చారు. ఆ తేదీ నేనే అడిగి తీసుకున్నాను. నా పరీక్ష నాలుగో తారీఖున అయిపోతుంది. తర్వాత ఎన్ని రోజులైనా నీ పక్కనే ఉంటాను. నువ్వు నా చేయి గట్టిగా పట్టుకున్నావు, భయపడుతున్నావని తెలిసింది. భయపడకు. నేనున్నాను.

మెడ కింద గడ్డ నీ చేతికి ముందే తగిలి ఉంటుంది. అద్దంలో రోజూ చూసుకుంటున్నావు. ఎందుకు రాయలేదు నాకు?

వెంటనే జవాబు రాయి.

నీ వీణ


అశోక్ నగర్
సెప్టెంబర్ 19

అత్తమ్మకు,

నువ్వు జవాబు రాయలేదు. బాపును అడిగితే, "ఏమో బిడ్డా, కాగితం ముందట పెట్టుకుంటది, మల్ల లోపల పెట్టేస్తది" అన్నాడు.

నిన్న క్లాసులో ఒకటి జరిగింది. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

త్రివేణి మేడం వస్తూనే, "ఇయ్యాల పుస్తకాలు బంద్" అన్నారు. ఇద్దరిద్దరిని జత చేశారు. ఒకరు రోగి, ఒకరు నర్సు. రోగి నోటికి దస్తీ కట్టాలి, మంచం మీద పడుకోవాలి. రోగికి ఏం కావాలో మేడం చెవిలో చెప్తారు. నర్సు దాన్ని కనుక్కోవాలి. నేను రోగిని, మహిత నర్సు. "కిటికీల కెల్లి ఎండ కండ్లల్ల పడుతున్నది, తట్టుకోలేకపోతున్నవ్" అని మేడం నా చెవిలో చెప్పి పోయారు.

నేను కండ్లు చిట్లించాను. తలనొప్పా అంది మహిత, నుదురు ఒత్తింది. కిటికీ వైపు చేయి చూపించబోయాను. కిటికీ పక్కనే నీళ్ల బాటిల్ ఉంది. చేయి పూర్తిగా లేవకముందే, "దూప అయితున్నదంట మేడం!" అని కేక వేసింది. నేను అనలేదు అత్తమ్మా. అన్నానంట. గబగబా దస్తీ జరిపి, తల ఎత్తి పట్టి గ్లాసు నోటికి పెట్టింది. తన మొహం ఎంత వెలిగిపోతోందో! నాకు దూప లేదు. అయినా గ్లాసెడు నీళ్లూ తాగాను. ఎండ కండ్లల్లో అట్లానే ఉంది.

మేడం వచ్చి, "ఎందుకు తాగినవ్?" అని అడిగారు.

"ఆమె గంత సంబురంగ చూస్తుంటే వద్దనబుద్ధి కాలే మేడం" అన్నాను.

"రోగులంతా గంతే. మనం సంతోషపడుతమని తాగుతరు" అని ఆమె తర్వాతి మంచం దగ్గరికి పోయారు.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. మహిత తననేదో అన్నానని కంగారు పడింది. తన తప్పేం లేదు. నా కండ్ల ముందు తిరిగింది నువ్వు. నేను పెట్టిందల్లా తిని, కట్టమన్నదల్లా కట్టుకుని, తల ఊపుతూ నువ్వు.

దవాఖానలో నా చేయి గట్టిగా పట్టుకున్నావు. భయమని నేననుకున్నాను. ఆగమని పట్టుకున్నావా? నువ్వు ఎన్నిసార్లు ఇట్లా నీళ్లు తాగావు అత్తమ్మా? నిజం రాయి. నన్ను నొప్పించకుండా రాయాలని చూడకు.

వీణ


ఎర్రకుంటపల్లి
సెప్టెంబర్ 24

బిడ్డా వీణా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోతే రాసేదాన్ని కాను.

చిన్నవి ముందు చెప్తాను. జనగామలో చీరల షాపులో, మా అత్తమ్మకు ఆకుపచ్చ అంటే పానం అని ఆ పిల్లగానికి చెప్పావు. నాకు ఆకుపచ్చ నచ్చదు. నేను చేయి చూపింది పక్కనున్న వంకాయ రంగు చీరకు. ఇప్పుడు పెట్టెలో నాకు మూడు ఆకుపచ్చ చీరలున్నాయి. సేమియా నాకు ఇష్టమని మీ అమ్మకు చెప్పావు. ఒంట్లో బాగా లేనప్పుడల్లా సేమియానే. ఇవి నవ్వుకునే సంగతులు. నువ్వూ నవ్వుకో.

పెద్దది ఒకటుంది. మొదటి ఆపరేషన్ నాటిది.

అప్పటికి నా గొంతు బొంగురు పోయింది కానీ పూర్తిగా పోలేదు. మాట బయటికి రావడానికి కొంచెం సేపు పట్టేది, ముందు గాలి వచ్చేది, ఆ వెనక మాట వచ్చేది. గొంతు మొత్తం తీసేయాలమ్మా, ఎప్పుడు చేద్దాం అని డాక్టర్ అడిగాడు. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట వచ్చేలోపల నువ్వు ఏడుస్తూ, "రేపే చెయ్యిండ్రి సార్" అన్నావు.

అప్పుడు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు రెండు రోజులుంది. నేను అడగాలనుకున్నది ఒకటే. మొదటి నాటి ఎంగిలిపూల నుండి ఆఖరి నాటి సద్దుల దాకా ఆ బొంగురు గొంతుతోనే ఒక్కసారి పాడి వస్తాను, తర్వాత తీసుకోండి అని. పెండ్లయిన ఏడాది తప్ప ఏ ఏడూ నేను పాట ఎత్తుకోకుండా మన వాడలో బతుకమ్మ లేవలేదు. మీ మామ పోయిన ఏడు కూడా అందరూ వద్దన్నా అరుగు మీద కూర్చుని పాట ఎత్తుకున్నాను. అది చివరిసారి అని తెలిసి పాడడం వేరు, తెలియకుండా పాడేసి ఉండడం వేరు. నాకు తెలియకుండానే అయిపోయింది.

తర్వాతైనా చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు చిన్నదానివి. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. మీ బాపు పరేషాన్‌లో ఉన్నాడు. ప్రాణం కోసం అందరూ ఉరుకుతుంటే పాట కోసం ఆగమని అడగడానికి సిగ్గనిపించింది. అందులో నీ తప్పెంతో నా సిగ్గూ అంతే. డాక్టర్ ఒప్పుకునేవాడో లేదో. వద్దనేవాడేమో. కానీ బిడ్డా, నేను అడిగి ఉండేదాన్ని.

భీవండి ఉత్తరాలు రాసిపెట్టేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. వాళ్లు చెప్పిందే రాయాలి, నా మాట ఒకటి కలపకూడదు. చెప్పడానికి సిగ్గుపడి కొంగు నోట్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఏం రాయమంటుందో నాకు ముందే తెలిసిపోయేది. అయినా పెన్ను కాగితం మీద పెట్టి కూర్చునేదాన్ని. బుగ్గమ్మ అయితే సగం పూట కూర్చుని చివరికి, "ఆనికి జెరమొచ్చి సావ, నన్నెందుకు మరిచిండో అడుగు" అన్నది. అట్లానే రాశాను. నా మాట కలిపి ఉంటే క్షేమమా అని రాసేదాన్ని. ఆ మాటకు వాడు వచ్చేవాడా? తిట్టు చదువుకుని మొదటి బస్సుకే వచ్చాడు.

ఇప్పుడు నువ్వు తీసుకున్న తేదీ 12. ఈసారి పెత్రమాస 10న. మూడో రోజు బతుకమ్మ నాడు నేను దవాఖానలో ఉంటాను. నువ్వు పుస్తకాలలో ఉన్నావు, పండుగ గుర్తు లేదు. నా ఆపరేషన్ నీ పరీక్ష పక్కన పెట్టావు, నా పండుగ ఎక్కడుందో చూడలేదు. గడ్డ తగిలిందని నీకెందుకు రాయలేదంటే, రాస్తే ఆ క్షణం నుండి అది నా గడ్డ కాదు, నీది అవుతుంది. కొన్ని రోజులైనా నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను.

కోపంతో రాయడం లేదు. నీ చేతులు లేకపోతే ఈ రెండేండ్లు బతికేదాన్ని కాను. రోజూ గొట్టం కడిగిన చేతులు అవి. ముక్కు చిట్లించలేదు ఎన్నడూ. నీకు సీటు రావాలని ఎల్లమ్మకు మొక్కుకున్నాను.

అత్తమ్మ


అశోక్ నగర్
సెప్టెంబర్ 27

అత్తమ్మకు,

నీ ఉత్తరం లైబ్రరీ బయట చెట్టు కింద చదివాను. పక్కన వాళ్లెవరో నీళ్లు ఇచ్చారు. ఈసారి నిజంగానే దూపయింది.

ఏం రాసినా నీ తరఫున ఇంకో మాట కలిపినట్టే అవుతుందని భయంగా ఉంది. అందుకని ఒక్కటే అడుగుతాను. నేను డాక్టర్ గారికి ఫోన్ చేయలేదు, బాపుతో మాట్లాడలేదు, తేదీ మార్చమనలేదు. నువ్వు నీ నోటితో అడగాలనుకున్నది నీ చేతితో అడుగుతావా? చిక్కడపల్లిలో స్టేషనరీ షాపులో పలక కొన్నాను, నల్ల పలక, సుద్దముక్కలు. నేను తోడు వస్తాను. నోరు తెరవను. నువ్వు అసలు ఆపరేషనే వద్దంటే కూడా తెరవను. ఆ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. అయినా రాస్తున్నాను.

రావాలని లేకపోతే రావద్దు.

వీణ


ఎర్రకుంటపల్లి
సెప్టెంబర్ 30

వీణకు,

పరీక్ష రాయి. తెల్లారి సోమవారం వస్తాను. పలక తడిపి తుడిచి ఆరబెట్టు, కొత్తది సుద్ద పట్టదు.

అత్తమ్మ


అశోక్ నగర్
అక్టోబర్ 7

అత్తమ్మకు,

సోమవారం మనం కలిసే ఉన్నాం. అయినా నీకు ఉత్తరం రాయాల్సినది ఒకటి మిగిలింది. బస్టాండులో చెప్పలేకపోయాను.

ముందు పరీక్ష సంగతి. బయాలజీ బాగా రాశాను. ఫిజిక్స్ దేవుడికే వదిలేశాను. రోగి సేవ ప్రశ్నల దగ్గర ఇదివరకు చదవకుండానే గీకేసేదాన్ని, ఈసారి ఒక్కొక్కటి చివరి దాకా చదివాను. సీటు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను.

డాక్టర్ గారు ఎప్పటి లాగే ఏమంటారు అని నా వైపు చూసినప్పుడు నేను కింద గచ్చు చూశాను. నువ్వు రాస్తున్నంతసేపు సుద్ద చప్పుడు విన్నాను. ఎంత ఆలస్యంగా రాస్తావు నువ్వు! మధ్యలో చెరిపావు. నాలుక చివరి దాకా మాట వచ్చింది, పండ్లతో పట్టుకున్నాను. ఆయన వాచీ చూసుకున్నప్పుడు కూడా ఆగాను. ఆ తర్వాత ఆయనే నీ పలక తీసుకుని పైకి చదివారు, "సారూ, నాకు బతుకాలనే ఉన్నది. సద్దుల బతుకమ్మ అయినంక చేస్తే ఏమైతది?" అని. నీ యాస ఆయన నోట్లో విని ఉలిక్కిపడ్డాను. రెండేండ్ల తర్వాత నీ గొంతు విన్నట్టే అనిపించింది. నీ యాస ఎక్కడికీ పోలేదు అత్తమ్మా.

పండగ తెల్లారే రావాలి, దానికి మించి ఒక్క రోజు కూడా ఒప్పుకోనని ఆయన అన్నది నువ్వు విన్నావు. తర్వాత నువ్వు గొట్టం గుడ్డ మార్పించుకోవడానికి లోపలికి పోయావు. అప్పుడు ఆయన కాగితాలు సర్దుకుంటూ నాతో అన్నది నువ్వు వినలేదు. "పోయినసారి కూడా పండగ ముందటనే అయినట్టున్నది. గప్పుడు అడిగినా పది రోజులు ఇచ్చేటోళ్లమే గదమ్మా. ఎందుకు అడగలే?" అన్నారు.

నేను నీ కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. ఇది నీకు చెప్పకుండా దాచుదామని మూడు రోజులు అనుకున్నాను. తెలిస్తే నువ్వు బాధపడతావు, వద్దు అనుకున్నాను. మళ్లీ అదే, నీ బాధ ఎంతో నేనే కొలుస్తున్నాను. అందుకే రాసేస్తున్నాను. ఆ పది రోజులు నీవి. నేనే పోగొట్టాను. వాటిని ఎట్లా తిరిగి ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ లేదు.

వీణ


ఎర్రకుంటపల్లి
ఎంగిలిపూల తెల్లారి

బిడ్డా వీణా,

నీ ఉత్తరం పూలు పేరుస్తుంటే వచ్చింది. చదివి మడిచి కొంగున కట్టుకున్నాను. తంగేడు పూలు పళ్లెంలోనే ఉండిపోయాయి, మీ అమ్మ వచ్చి పేర్చింది. బాధ అయింది. కాలేదని రాయను. ఆయన ఒప్పుకునేవాడు కాదేమో అనుకుంటూ ఇన్నాళ్లు మనసుకు సర్ది చెప్పుకున్నాను. ఆ మాట ఇక పనికిరాదు. అయినా చెప్పి మంచి పని చేశావు. దాచి ఉంటే నిన్ను ఎప్పటికీ నమ్మలేకపోయేదాన్ని.

నిన్న సాయంత్రం వాకిట్లో బతుకమ్మలు దించారు. ఈసారి ఫోన్‌లో పాటలు వద్దని ఆడవాళ్లంతా అన్నారు. భాను ముందు నిలబడి ఎత్తుకుంది. దాని పక్కన నేను, తాళానికి. వంకాయ రంగు చీర కట్టుకున్నాను, మీ బాపు జనగామ పోయి తెచ్చాడు. సగం పాట బాగానే నడిచింది. పెద్ద పాట నడుమ వచ్చేసరికి భాను మరిచిపోయింది. కాగితం ఇంట్లో పెట్టి వచ్చింది, పిచ్చిది. అందరి చప్పట్లూ ఆగిపోయాయి. అందరూ నా వైపు చూశారు.

నేను నోరు తెరిచాను. ఏం వస్తది? గొట్టంలోంచి గాలి వచ్చింది. బుగ్గమ్మ వెంటనే, "నాకెరుక, నేనంట" అని ఏదో వేరే పాట అందుకోబోయింది. నేను చేయి ఎత్తాను. నాకు ఎన్నడూ లేని కోపం వచ్చింది. బుగ్గమ్మ నోరు మూసుకుంది. వాకిలంతా నిలబడిపోయింది. నేను ఆ చరణాన్ని పెదవులతో మెల్లగా అన్నాను. భానుకు అందలేదు. మళ్లీ అన్నాను. మళ్లీ అందలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అట్లానే నిలబడ్డారు. మూడోసారికి అది నా నోరు చూస్తూ చూస్తూ మొదటి మాట పట్టుకుంది. తర్వాతి మాటలు వాటంతట అవే వచ్చాయి. పాట లేచింది.

ఇండ్లకు పోతూ బుగ్గమ్మ నా దగ్గరికి వచ్చి, అరవకుండా, మామూలుగా, "మంచిగ పాడినవ్ సమ్మక్కా" అన్నది.

ఆ పది రోజులు తిరిగి రావు. వాటి గురించి ఇక రాయకు, నేనూ రాయను. సీటు వస్తే చదువు. రాకపోతే మీ బాపుతో నేను మాట్లాడతాను. పలక ఉంది కదా, ఆయన చదవక ఏం చేస్తాడు.

సద్దుల తెల్లారి దవాఖానకు వస్తున్నాం. నాకు భయంగానే ఉంది. మెడ అంతా కోస్తారట. తర్వాత కరెంటు పెడితే మొహం నల్లబడుతుందట, మింగడం కష్టమట. లేస్తానో లేవనో కూడా తెలియదు. నీ దగ్గర ఒకటే మాట తీసుకుంటున్నాను. ఆపరేషన్ అయి నేను కండ్లు తెరిచినప్పుడు నీళ్లు కావాలా, నొప్పిగా ఉందా అని అడగకు. నా చేతికి పలక ఇవ్వు. సుద్ద జారిపోతే మళ్లీ పట్టించు. నేను ఏం రాయబోతున్నానో నీకు ముందే తెలిసినా సరే, నేను రాసేదాకా ఆగు.

మీ అత్తమ్మ